తూము మూసుకుందా, ఇంజను తోడేస్తోందా? క్యాన్సర్ కణంలో మందు ఎందుకు నిలవడం లేదో తేల్చే పద్ధతి

సార్వా నాట్లు పడ్డాక చేలో నీరు నిలవకపోతే రైతు మూడు చోట్ల చూస్తాడు. బోదె నుంచి తూములోకి నీరు వస్తోందా? పక్కవాడు ఇంజను పెట్టి మురుగు కాలువలోకి తోడేస్తున్నాడా? గట్టుకు ఎండ్రకాయ బొరియ పడిందా? మూడింటిలో ఏది జరిగినా పైకి కనిపించేది ఒకటే, మడి ఎండింది. చేయాల్సిన పని మాత్రం మూడింటికీ వేరు.

క్యాన్సర్ కణంలో మందు నిలవకపోవడమూ ఇలాంటిదే. మందును లోపలికి రానిచ్చే ప్రొటీన్ తగ్గి ఉండొచ్చు, బయటికి తోడే ప్రొటీన్ పెరిగి ఉండొచ్చు, కణపొరే దాన్ని కారనిస్తూ ఉండొచ్చు. కాకినాడ నుంచి భీమవరం దాకా ఫార్మసీ, బయోటెక్నాలజీ చదివేవాళ్లు ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకుంటే తరచు చేసే తప్పు ఒకటుంది. మొండికేసిన కణాల్లో వెస్టర్న్ బ్లాట్ (ఏ ప్రొటీన్ ఎంత ఉందో గీతలుగా చూపే పరీక్ష) తీసి, బయటికి తోడే పి-గ్లైకోప్రొటీన్ గీత లావుగా కనపడగానే 'ఇదే కారణం' అని రాసేస్తారు. షెడ్డులో ఇంజను ఉంటే నిన్న రాత్రి అదే నడిచిందని రుజువైపోదు. మూడు సంగతులు విడివిడిగా చూపాలి: పంపు ఉందని, పంపు నడుస్తోందని, పంపు ఆపితే మందు మళ్లీ చంపుతోందని. మధ్యదే కష్టం. ఇక్కడ ఎక్కువ చోటు దానికే.

తోడేవి ఎవరు

కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి పదార్థాలను పొర దాటించే ప్రొటీన్ల కుటుంబం ఏబీసీ. మనిషి జన్యువుల్లో ఈ కుటుంబానికి చెందినవి 48. క్యాన్సర్ మందుల విషయంలో పదే పదే ఎదురయ్యేవి మూడు. మొదటిది పి-గ్లైకోప్రొటీన్, జన్యువు పేరు ఏబీసీబీ1. దీన్ని 1976లో జూలియానో, లింగ్ చైనా హ్యామ్‌స్టర్ కణాల్లో గుర్తించారు. కాల్చిసిన్ అనే మందుకు లొంగని కణాల పొరలో సుమారు 170 కిలోడాల్టన్ల ప్రొటీన్ పోగై కనిపించింది. 1280 అమైనో ఆమ్లాల పొడవు, పొరను 12 సార్లు దాటుతుంది, లోపలివైపు ఏటీపీ పట్టుకునే చోట్లు రెండు. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఎటోపోసైడ్‌లను తోడేస్తుంది. కడియం నర్సరీల్లో కుండీలకు అమ్మే బిళ్ళగన్నేరు నుంచి వచ్చినవే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్.

రెండోది ఎంఆర్‌పీ1, అంటే ఏబీసీసీ1. 1992లో కోల్, డీలీ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల నుంచి వేరుచేసింది. గ్లూటాథయోన్‌ (కణంలో విషాలకు తగులుకునే చిన్న అణువు) తగిలించిన పదార్థాలను, గ్లూటాథయోన్‌తో జతగా విన్‌క్రిస్టిన్‌ను బయటికి పంపడం దీని ప్రత్యేకత. మూడోది 1998లో బయటపడ్డ బీసీఆర్‌పీ, అంటే ఏబీసీజీ2. ఇది సగం పంపు, రెండు కలిస్తేగానీ పనిచేయదు. మైటోజాంట్రోన్, టోపోటెకాన్, ఇరినోటెకాన్ నుంచి పుట్టే ఎస్‌ఎన్-38 దీని బాపతు.

సిస్‌ప్లాటిన్, 5-ఫ్లోరోయురాసిల్, జెమ్‌సిటాబిన్‌లను పి-గ్లైకోప్రొటీన్ తోడదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత కంట్రోలుగా పనికొస్తుంది.

ఈ ఇంజన్లన్నిటికీ డీజిల్ ఏటీపీయే. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఈ విషయంలో సుబ్బారావు పేరు ఇంకో రెండుసార్లు వస్తుంది.

కణాలు ఎంచుకోవడం

జంట కావాలి: ఒక లొంగే కణజాతి, దాని నుంచే మందు పెంచుకుంటూ పోయి తయారుచేసిన మొండి కణజాతి. మొదటిసారి చేసేవాళ్లకు కె562 అనే లుకేమియా కణాలు, డాక్సోరూబిసిన్‌కు లొంగని వాటి రూపం కె562/ఏడీఆర్, ఈ జంట మేలు. అవి ద్రవంలో తేలుతూ పెరుగుతాయి కాబట్టి ట్రిప్సిన్ అవసరం ఉండదు, కణపొర దెబ్బతినదు. పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ లాంటి భాండాగారం నుంచి తెప్పించుకోండి. పక్క ల్యాబు నుంచి చెయ్యి మారి వచ్చిన ఫ్లాస్కు తీసుకోకండి. ఎంసీఎఫ్-7/ఏడీఆర్ అన్న పేరుతో ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలుగా చెలామణి అయినవి, చివరికి ఒవీసీఏఆర్-8 అనే అండాశయ క్యాన్సర్ జాతికి చెందినవని తేలింది. ఇప్పుడు వాటి పేరు ఎన్‌సీఐ/ఏడీఆర్-రెస్. వాటిని ఎంసీఎఫ్-7తో పోల్చి రాసిన రిపోర్టు అంటే కొబ్బరితోటని వరిచేనుతో పోల్చినట్టే. ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణజాతిని గుర్తించే డీఎన్‌ఏ వేలిముద్ర) కాగితం అడిగి తీసుకోండి, కణాల్లో కనపడకుండా చేరే మైకోప్లాస్మా బాక్టీరియాకు పరీక్ష కూడా చేయించండి.

మొండి కణాలను మామూలుగా డాక్సోరూబిసిన్ కలిపిన మీడియంలోనే పెంచుతారు. ప్రయోగానికి ముందు సుమారు వారం రోజులు మందు లేని మీడియంలో ఉంచాలి. ఎందుకంటే డాక్సోరూబిసిన్ తనంతట తానే వెలుగుతుంది. 480 నానోమీటర్ల దగ్గర కాంతి తీసుకుని 590 దగ్గర వదులుతుంది. లోపల కాస్త మిగిలినా మీ లెక్క చెడుతుంది. అలాగని నెలల తరబడి మందు లేకుండా వదిలేస్తే కణాలు పంపును వదులుకోవచ్చు. ఏ పాసేజీలో (కొత్త ఫ్లాస్కుకు ఎన్నోసారి మార్చినప్పుడు), మందు ఆపిన ఎన్నో రోజున చేశారో నోటుబుక్కులో రాయండి.

పంపు ఉందా

ఇది త్వరగా తేలే పని. యాంటీబాడీ ఎంపికలోనే జాగ్రత్త. యూఐసీ2, ఎమ్మార్కే16 పొర బయటివైపు అంటుకుంటాయి, కాబట్టి బతికున్న కణం మీద వేయొచ్చు. సీ219 లోపలివైపు అంటుతుంది, పొరకు రంధ్రాలు చేయక తప్పదు. పైగా అది ఇతర ప్రొటీన్లనూ పట్టుకుంటుంది. వెస్టర్న్‌కు సీ219 వాడితే 170 కిలోడాల్టన్ల దగ్గరి గీతనే లెక్కపెట్టండి. శాంపిల్‌ను 95 డిగ్రీల దగ్గర మరిగించొద్దు. ఇన్నిసార్లు పొర దాటే ప్రొటీన్ వేడికి ముద్దకట్టి జెల్ పైనున్న గుంటలోనే ఉండిపోతుంది, గీత రాదు. గది వేడిలో 20 నిమిషాలు లేదా 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు.

పంపు నడుస్తోందా: రోడమిన్ 123 పరీక్ష

రోడమిన్ 123 పి-గ్లైకోప్రొటీన్ తోడే రంగు. సుమారు 505 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని 529 దగ్గర పచ్చగా వెలుగుతుంది. ఒక్కో కణం వెలుగును విడిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో 488 లేజర్, 530/30 ఫిల్టర్ సరిపోతాయి.

ముందు స్టాకులు. రోడమిన్ 123 అణుభారం 380.8. 1 మిల్లీగ్రామును 2.63 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ వస్తుంది. 50 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పోసి, రేకు చుట్టి, మైనస్ 20లో దాచండి. పంపును ఆపే అడ్డుమందు వెరాపమిల్ హైడ్రోక్లోరైడ్, దాని అణుభారం 491. 24.6 మిల్లీగ్రాములు 1 మి.లీ. డీఎంఎస్‌ఓలో వేస్తే 50 మిల్లీమోలార్. రెండూ మీడియంలో వెయ్యో వంతు చొప్పున కలిపితే చివరికి రోడమిన్ 1 మైక్రోమోలార్, వెరాపమిల్ 50 మైక్రోమోలార్ అవుతాయి. వెరాపమిల్ పడని గొట్టాల్లో కూడా అంతే డీఎంఎస్‌ఓ తప్పకుండా వేయండి. లేకపోతే తేడా మందుదో ద్రావకానిదో తెలియదు.

మీడియం ఫినాల్ రెడ్ లేనిది తీసుకోండి, 20 మిల్లీమోలార్ హెపెస్ కలపండి. కరెంటు పోయి కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ ఆగినా పీహెచ్ ఓ గంటపాటు నిలబడుతుంది. దాళ్వా కోతల వేళ, రోహిణి కార్తెలో ఇది అలంకారం కాదు, అవసరం.

గొట్టానికి 5 లక్షల కణాలు, 1 మి.లీ. మీడియం. రెండు జాతులకూ ఈ గొట్టాలు మూడేసి చొప్పున పెట్టండి: రంగు లేనిది, రంగుతో డీఎంఎస్‌ఓ, రంగుతో వెరాపమిల్, రంగుతో టారిక్విడార్ 100 నానోమోలార్, రంగుతో మీ పరీక్ష పదార్థం. టారిక్విడార్ కూడా పంపును ఆపే అడ్డుమందే. అది ఎందుకంటే వెరాపమిల్ మొరటుది, కాల్షియం దారుల్నీ మూస్తుంది. రెండూ ఒకే మాట చెబితే నమ్మకం కుదురుతుంది. టారిక్విడార్ మోతాదు పెంచితే బీసీఆర్‌పీని కూడా ఆపుతుంది కాబట్టి 100 నానోమోలార్ దగ్గరే ఉండండి.

అడ్డుమందు కలిపి 37 డిగ్రీల నీటితొట్టిలో 15 నిమిషాలు ఉంచండి. తర్వాత రోడమిన్ కలిపి, చీకట్లో, 30 నిమిషాలు. పది నిమిషాలకోసారి గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కణాలు అడుగున పేరుకుంటే అడుగునున్న వాటికి రంగు అందదు. సమయం కాగానే గొట్టాలను మంచులో గుచ్చి, 4 డిగ్రీల సెంట్రిఫ్యూజ్‌లో 300 జి దగ్గర 5 నిమిషాలు తిప్పండి. మీ యంత్రానికి నిమిషానికి చుట్ల అంకె మాత్రమే ఉంటే, రోటర్ వ్యాసార్థం 15 సెంటీమీటర్లకు అది సుమారు 1340. పైద్రవం తీసి, 1 మి.లీ. మంచు చల్లని పీబీఎస్‌ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీటి ద్రావణం)తో రెండుసార్లు కడగండి. దీన్ని చేరిక పరీక్ష అనుకోండి. ఇక్కడే చదివితే ఎంత రంగు నిలిచిందో తెలుస్తుంది.

తోడుడు పరీక్షకు ఇంకో మెట్టు కావాలి. అన్ని గొట్టాలనూ అడ్డుమందు లేకుండానే రంగుతో నింపండి. కడిగాక ఒక వరస గొట్టాలను వెంటనే మంచులో పెట్టండి, అదే సున్నా సమయం. మిగతా వాటికి రంగు లేని వెచ్చని మీడియం 1 మి.లీ. పోసి, కొన్నిటికి డీఎంఎస్‌ఓ, కొన్నిటికి వెరాపమిల్, కొన్నిటికి టారిక్విడార్ కలిపి 37 డిగ్రీల దగ్గర 60 నిమిషాలు ఉంచండి. ఒక వరసను అదే 60 నిమిషాలూ 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. చలిలో పంపు ఆగుతుంది కాబట్టి రంగు లోపలే ఉండాలి. చలిలోనూ సగం పోయిందంటే పంపుతో పనిలేకుండానే కారుతోందన్న మాట. అది ఎండ్రకాయ బొరియ, లేదా చచ్చిన కణాలు.

చదివే ముందు, చచ్చిన కణాల్లోకే దూరే ఎర్ర రంగు ప్రొపిడియం అయొడైడ్ మి.లీ.కి 1 మైక్రోగ్రాము కలిపి చచ్చిన కణాలను గేటు (లెక్కకు తీసుకునే కణాల హద్దు) బయట ఉంచండి. బతికున్నవి 10,000 లెక్కకు రావాలి. సగటు కాదు, మీడియన్ తీసుకోండి. రోడమిన్ పంపిణీకి పొడవాటి తోక ఉంటుంది, సగటును ఆ తోక లాగేస్తుంది.

యంత్రం మీ ఊళ్లో లేకపోతే రంగు వేసిన కణాలను ఫార్మాల్డిహైడ్‌తో బిగించి విశాఖకో హైదరాబాదుకో పంపొద్దు. బిగించగానే రోడమిన్ పట్టు తప్పి కారిపోతుంది. బతికున్న కణాలను పట్టుకెళ్లి అక్కడే రంగు వేయాలి. అది కుదరకపోతే ప్లేట్ రీడర్ దారి ఉంది. చివరి కడుగుడు అయ్యాక కణాలను 200 మైక్రోలీటర్ల 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100లో కరిగించి, నల్ల ప్లేటులో 485/535 దగ్గర చదవండి. ప్రొటీన్ పరిమాణంతో భాగించాలి, దానికి బీసీఏ పద్ధతే వాడండి. డిటర్జెంట్ ఉన్నప్పుడు బ్రాడ్‌ఫర్డ్ తప్పుడు అంకె ఇస్తుంది. ప్లేట్ రీడర్ చచ్చిన కణాన్ని వేరుచేయలేదు కాబట్టి, ఈ దారిలో వెళ్లేవాళ్లు చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో 90 శాతం పైన బతికి ఉన్నాయని ముందే చూసుకోవాలి.

లెక్క

కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. రంగు లేని కణం వెలుగు 100. లొంగే కణంలో డీఎంఎస్‌ఓతో 4200, వెరాపమిల్‌తో 4400. మొండి కణంలో డీఎంఎస్‌ఓతో 600, వెరాపమిల్‌తో 3900. ప్రతిదాంట్లోంచీ 100 తీసేయండి. లొంగే కణం నిష్పత్తి 4300ను 4100తో భాగిస్తే 1.05. మొండి కణానిది 3800ను 500తో భాగిస్తే 7.6. ఇంజను నడుస్తోంది, ఆపగానే మడి నిండింది.

ఇప్పుడు అసలు కిటుకు. మొండి కణం వెరాపమిల్‌తో 3900 కాకుండా 900 మాత్రమే చేరిందనుకోండి. నిష్పత్తి 800ను 500తో భాగిస్తే 1.6 వస్తుంది. చాలామంది ఇక్కడ 'పంపు పనిచేస్తోంది, గణాంకపరంగా తేడా ఉంది' అని రాసి ముగిస్తారు. లొంగే కణంలో చేరింది 4100 కదా, ఇక్కడ 800 దగ్గరే ఆగింది. పంపు ఆపినా అయిదో వంతుకు మించి నిండలేదు. అంటే పంపు ఉంది గానీ అది చిన్న దొంగ. పెద్ద దొంగ ఇంకెవరో. అందుకే నిష్పత్తితో పాటు 'లొంగే కణం స్థాయిలో ఎంత శాతం తిరిగొచ్చింది' అన్న అంకె కూడా ఇవ్వాలి. మొదటి ఉదాహరణలో అది 93 శాతం, రెండోదాంట్లో 20.

ఆ పెద్ద దొంగ మైటోకాండ్రియా కూడా కావచ్చు. రోడమిన్ 123 కణంలో ఊరికే తేలదు, మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ తేడాకు లొంగి అందులో పోగవుతుంది. ఆ తేడా తగ్గిన కణాలు పంపు లేకపోయినా మసకగానే కనిపిస్తాయి. 'ఏటీపీ ఆపి చూద్దాం' అని సోడియం అజైడ్ వేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అజైడ్ పంపు డీజిలూ ఆపుతుంది, మైటోకాండ్రియా పట్టునూ వదిలిస్తుంది. రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు. ఏటీపీ లేకుండా చూడాలంటే రంగు మార్చి కాల్సీన్-ఏఎమ్ 0.25 మైక్రోమోలార్ తీసుకోండి. అది వెలగని రూపంలో లోపలికి వెళ్తుంది, కణంలోని ఎస్టరేజులు కోస్తే వెలుగుతుంది. పి-గ్లైకోప్రొటీన్ దాన్ని కోతకు ముందే పొరలోనే పట్టి బయటికి నెట్టేస్తుంది. కోత అయ్యాక పుట్టిన కాల్సీన్‌ను అది తోడలేదు, ఎంఆర్‌పీ1 మాత్రం తోడుతుంది. కాబట్టి ఎంఆర్‌పీ1 అనుమానం ఉంటే ఎమ్‌కే-571 25 నుంచి 50 మైక్రోమోలార్ దాకా వేసి చూడండి. బీసీఆర్‌పీకి అడ్డు కేఓ143, 1 మైక్రోమోలార్. దాని రంగు ఫియోఫోర్బైడ్-ఏ. అది క్లోరోఫిల్ ముక్క, వెలుతురు తగిలితే కణాన్నే చంపుతుంది, కాబట్టి లైటు ఆర్పి పనిచేయాలి.

డెల్టా వేడి, మంచు

ప్రొటోకాల్ పుస్తకాల్లో 'గది ఉష్ణోగ్రత' అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ ఆగిన గది 38కి చేరితే బల్ల మీదే పంపు జోరుగా నడుస్తుంది. రంగు వేసి, మొదటి గొట్టం నుంచి ముప్పయ్యో గొట్టానికి చేరేలోపు మొదటివి పావుగంట అదనంగా తోడేసి ఉంటాయి. గొట్టాల వరస చూస్తే తప్పు దొరికిపోతుంది. ముందు పెట్టినవి మసకగా, వెనకవి ప్రకాశంగా ఉంటే అది జీవశాస్త్రం కాదు, మీ ఆలస్యం. గొట్టాలను కలగలిపిన వరసలో పెట్టండి, ఒకేసారి 12కి మించి తీసుకోకండి.

మంచుకు ఇక్కడ కొదవ లేదు. చేపలు, రొయ్యల ఎగుమతి పుణ్యమా అని భీమవరం, ఆకివీడు వైపు ఐసు ఫ్యాక్టరీలు దండిగా ఉన్నాయి. ఆ దిమ్మ శుభ్రమైంది కాదు. గోనెలో కొట్టి తెచ్చిన ముక్కల్లో గొట్టాన్ని నేరుగా గుచ్చితే మూత దగ్గర చేరిన మురికినీరు లోపలికి జారుతుంది. మంచులో కొంచెం నీళ్లు పోసి జావలా చేసి, దాంట్లో అల్యూమినియం రాక్ దించి, రాక్‌లో గొట్టాలు పెట్టండి. పొడి మంచుముక్కల మధ్య గాలి ఉంటుంది, గొట్టం చల్లబడటానికి సమయం పడుతుంది. సెంట్రిఫ్యూజ్‌ను 20 నిమిషాల ముందే 4 డిగ్రీలకు తెచ్చుకోండి. పీబీఎస్ రాత్రే ఫ్రిజ్‌లో ఉండాలి.

ఆకు పసరు పరీక్షించేవాళ్లకు

మన కాలేజీల్లో సగం ప్రాజెక్టులు 'ఫలానా మొక్క సారం పంపును ఆపుతుంది' అన్నవే. వాటిలో తప్పుడు గెలుపులు ఎక్కువ.

పసుపులోని కర్క్యుమిన్ తానే పచ్చగా వెలుగుతుంది. దాంతో రోడమిన్ 'నిలిచినట్టు' కనిపిస్తుంది. రంగు లేకుండా సారం మాత్రమే వేసిన గొట్టం పెట్టకపోతే ఇది పట్టుబడదు. ఆకు సారంలో క్లోరోఫిల్ నీలి కాంతిని మింగి మీ అంకెల్ని తగ్గిస్తుంది, ఎరుపు దిక్కున తానే వెలుగుతూ ప్రొపిడియం అయొడైడ్ గేటును పాడుచేస్తుంది. కుంకుడు లాంటి సబ్బు గుణమున్న కాయల సారం పొరనే చీల్చేస్తుంది, అప్పుడు చేరిక మారినా పంపు ఆగినట్టు కాదు. ఎమ్‌టీటీ అంటే బతికున్న కణాలు ఊదా రంగుకు మార్చే పదార్థం, ఎన్ని బతికాయో దాంతో కొలుస్తారు. పాలీఫినాల్స్ దాన్ని కణం లేకుండానే ఊదా రంగుకు మార్చేస్తాయి. ప్లేటులో కణం లేని బావిలో (గుంటలో) సారం, ఎమ్‌టీటీ వేసి చూస్తే నిజం తేలుతుంది. వీటన్నిటికీ మించిన పరీక్ష ఒకటే: అదే సారం లొంగే కణంలో కూడా వెలుగును పెంచితే అది పంపు మీద పనిచేయడం లేదు.

సారం పంపునే తాకుతోందని చూపాలంటే, పంపు ఏటీపీని ఎంత ఖర్చుచేస్తోందో కొలిచే ఏటీపీఏజ్ పరీక్ష ఉంది. పంపు దండిగా ఉన్న పొర ముక్కలు 10 నుంచి 20 మైక్రోగ్రాములు, 5 మిల్లీమోలార్ ఏటీపీ, 37 డిగ్రీలు, 20 నిమిషాలు. ఒక జత గొట్టాల్లో పంపును ఆపే సోడియం ఆర్థోవెనడేట్ 0.3 మిల్లీమోలార్. వెనడేట్ ఉన్నదానికీ లేనిదానికీ తేడాయే పంపు వాటా. ఇతర ఏటీపీఏజులను అణచడానికి 5 మిల్లీమోలార్ అజైడ్, 1 మిల్లీమోలార్ ఉవాబైన్, 2 మిల్లీమోలార్ ఈజీటీఏ వేస్తారు. విడుదలైన ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో నీలిరంగు చేసి కొలవాలి. ఆ కొలత 1925 నాటి ఫిస్కే-సుబ్బారావు పద్ధతికి వారసురాలే. గాజుసామాను మామూలు సబ్బు పొడితో తోమితే మిగిలిన ఫాస్ఫేటే నీలం చూపిస్తుంది. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి డిస్టిల్డ్ నీటితో జాడించండి, పీబీఎస్ దరిదాపులకు రానీయకండి. వెరాపమిల్ ఈ పరీక్షలో ఏటీపీ ఖర్చును తగ్గించదు, పెంచుతుంది. కంగారు పడకండి. దాన్ని కూడా పంపు తోడుతోంది, ఆ పనిలో పడి రంగును వదిలేస్తోంది.

పంపు ఆపితే కణం చస్తుందా

96 బావుల ప్లేటులో బావికి 5,000 కణాలు. డాక్సోరూబిసిన్ 0.01 నుంచి 100 మైక్రోమోలార్ దాకా, 72 గంటలు. చివర ఎమ్‌టీటీ మి.లీ.కి 0.5 మిల్లీగ్రాములు, 4 గంటలు, డీఎంఎస్‌ఓలో కరిగించి 570 దగ్గర చదవడం. ఇక్కడ వెరాపమిల్ 50 కాదు, 5 నుంచి 10 మైక్రోమోలార్. గంటసేపు తట్టుకునే మోతాదు మూడు రోజులకు విషమవుతుంది. వెరాపమిల్ ఒక్కటే వేసిన బావులు ఉండాలి. అంచు బావుల్లో కణాలు వేయకుండా పీబీఎస్ నింపండి, వేసవిలో అవే ముందు ఎండుతాయి.

మొండి కణాన్ని సగానికి చంపే మోతాదును లొంగే కణానిదానితో భాగిస్తే మొండితనం ఎన్ని రెట్లో వస్తుంది. వెరాపమిల్‌తో అది ఎంతకు దిగిందో చూడండి. పక్కనే సిస్‌ప్లాటిన్‌తో అదే ప్లేటు నడపండి. పంపు తోడని మందు కాబట్టి వెరాపమిల్ దాని అంకెను కదిలించకూడదు. కదిలిస్తే వెరాపమిల్ వేరే దారిన కణాన్ని బలహీనపరుస్తోంది, మీ ఫలితం పంపు గురించి కాదు. సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్‌ఓలో కరిగించొద్దు, అది మందును పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. 0.9 శాతం ఉప్పునీరే వాడాలి.

తూము వైపు

పంపు ఆపినా మడి నిండకపోతే తూము చూడాలి. ఇక్కడ తర్కం తిరగబడుతుంది. మొండి కణంలో పంపు ఆపి చూసినట్టు కాదు, లొంగే కణంలో తూము మూసి చూడాలి. జెమ్‌సిటాబిన్ ఈఎన్‌టీ1 అనే తూము ప్రొటీన్ ద్వారా లోపలికి వస్తుంది. లొంగే కణానికి ఆ తూమును మూసే డైపిరిడమోల్ 10 మైక్రోమోలార్ ఇస్తే అది కూడా మొండికేస్తుంది. అప్పటికే తూము మూసుకున్న మొండి కణంలో డైపిరిడమోల్ వేసినా పెద్ద తేడా రాదు.

సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మెథోట్రెక్సేట్ కథ ఇంకొంచెం మెలిక. అది రెడ్యూస్డ్ ఫోలేట్ క్యారియర్ అనే తూము గుండా వస్తుంది. మొండికేసిన లుకేమియా కణాల్లో ఈ క్యారియర్ చెడిపోయి ఉండటం మామూలే. తేల్చడానికి ట్రైమెట్రెక్సేట్ వేస్తారు. అది కొవ్వుగుణం వల్ల తూముతో పనిలేకుండా నేరుగా పొరలోంచి దూరుతుంది. మెథోట్రెక్సేట్‌కు లొంగని కణం ట్రైమెట్రెక్సేట్‌కు చస్తే తూమే మూసుకుంది. రెండింటికీ లొంగకపోతే మాత్రం తొందరపడి మందు దెబ్బతీయాల్సిన లక్ష్య ఎంజైమ్ మారిందని రాయకండి. ట్రైమెట్రెక్సేట్‌ను పి-గ్లైకోప్రొటీన్ తోడేస్తుంది. వెరాపమిల్‌తో మళ్లీ చేసి చూడాల్సిందే.

ఆసుపత్రిలో ఎందుకు కుదరలేదు

1981లో ట్సురువో బృందం ఎలుక లుకేమియా కణాల్లో వెరాపమిల్‌తో విన్‌క్రిస్టిన్ మొండితనం తగ్గించింది. ఇంత తేలికగా పంపు ఆపగలిగినప్పుడు రోగులకు ఎందుకు ఇవ్వరని వైవాలో తప్పకుండా అడుగుతారు. వెరాపమిల్ ఆ మోతాదులో గుండె వేగాన్ని, రక్తపోటును పడగొడుతుంది. తర్వాత వచ్చిన అడ్డుమందు వాల్‌స్పోడార్ కాలేయంలో మందును విరిచే ఎంజైములను కూడా అడ్డుకుంది. రక్తంలో కీమో మందు పేరుకుపోవడంతో దాని మోతాదే తగ్గించాల్సి వచ్చింది. టారిక్విడార్ పరీక్షలూ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పి-గ్లైకోప్రొటీన్ క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. పేగు, కాలేయం, మూత్రపిండం, మెదడు రక్తనాళాల గోడల్లో విషాలను తోడే కాపలాదారు అది. ఒకచోట ఇంజను ఆపమంటే ఊరంతా ఇంజన్లు ఆగుతాయి. ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే చారులో మిరియాలకు భయపడక్కర్లేదు. పసుపు, మిరియాల సారం కలిపి అమ్మే క్యాప్సూల్సు మాత్రం డాక్టరుకు చెప్పకుండా వేయొద్దు. మిరియాల్లోని పైపరిన్ ఈ పంపునూ, సీవైపీ3ఏ4 అనే కాలేయ ఎంజైమునూ రెండింటినీ అడ్డుకుంటుంది.

పని అయ్యాక

డాక్సోరూబిసిన్ తగిలిన మీడియం, టిప్పులు, ప్లేట్లు సింకులో వేయకూడదు. ఆటోక్లేవ్ కణాలను చంపుతుంది గానీ మందును నమ్మకంగా విరగ్గొట్టదు. సైటోటాక్సిక్ అని రాసిన పసుపు సంచిలో వేరుగా కట్టి బయోమెడికల్ వ్యర్థాల బండికి ఇవ్వాలి. బల్ల మీద ఎర్రగా ఒలికితే ముందు కాగితంతో అద్ది, తర్వాత బ్లీచ్ ద్రావణంతో తుడవండి, ఎరుపు పోతుంది. రోడమిన్, కాల్సీన్ వ్యర్థాలు వేరే సీసాలో. కాలేజీ సింకు నీరు చివరికి ఏ మురుగు కాలువలో కలుస్తుందో, ఆ కాలువ పక్కన ఎన్ని రొయ్యల చెరువులున్నాయో ఒకసారి వెళ్లి చూసి రండి.